క్లూగర్ వి6తో కేరవాన్ లాగాలి: సూపర్‌చార్జర్ పెట్టించాలా, టర్బోనా?

టార్నీట్_నాని:

అందరికీ నమస్తే. మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపు ఉంటాం. బండి 2011 టొయోటా క్లూగర్, 3.5 లీటర్ల వి6 పెట్రోల్, లక్షా అరవై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ తప్ప ఇప్పటిదాకా పైసా ఖర్చు పెట్టించలేదు, అందుకే దీన్ని వదులుకోవడానికి మనసు రావట్లేదు. ఫిబ్రవరిలో సెకండ్ హ్యాండ్ పాప్‌టాప్ కేరవాన్ (పైకప్పు పైకి లేచేది, బండి వెనక కట్టి లాగే చిన్న ఇల్లు లాంటిది) ఒకటి కొన్నాం, 17 అడుగులది, ఒకే ఇరుసు. ప్లేట్ మీద టేర్, అంటే ఖాళీ బరువు 1,420 కేజీలు, ఏటీఎమ్, అంటే సామానుతో కలిపి మించకూడని బరువు 1,720 కేజీలు అని ఉంది. బ్రేకులున్న ట్రెయిలర్ అయితే క్లూగర్ 2,000 కేజీల దాకా లాగుతుందని కంపెనీ వాళ్ళే చెప్తున్నారు కాబట్టి ఇంకా 280 కేజీలు చేతిలో ఉన్నాయి కదా అనుకున్నా.

ఈస్టర్ సెలవులకి మొదటిసారి తగిలించుకొని హాల్స్ గ్యాప్ బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు. ఫ్రీవే మీద హాయిగా పోయింది. బాకస్ మార్ష్ దాటి పెంట్లాండ్ హిల్స్ ఎక్కుడు మొదలవగానే అసలు సినిమా మొదలైంది. 95లో పోతున్నవాడిని 80కి, 80 నుంచి 65కి పడిపోయా. గేర్‌బాక్స్ మూడుకీ రెండుకీ మధ్య ఊగిసలాడుతూనే ఉంది. రెండులో పడ్డప్పుడల్లా ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంటే వెనక సీట్లోంచి అత్తగారు "బాబూ, ఇది పేలదు కదా?" అని. నేను భయపడి కాలు ఎత్తేస్తే మళ్ళీ మూడులోకి పోవడం, స్పీడ్ పడిపోవడం, మళ్ళీ తొక్కడం, మళ్ళీ అరుపు. అద్దంలో చూస్తే వెనక లారీ గ్రిల్లు తప్ప ఇంకేం కనపడలేదు. బల్లాన్ దగ్గర పక్కకి తీసి ఆపితే ముందు భాగం నుంచి ఏదో నూనె మాడిన వాసన. టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. పైగా పెద్ద లారీలు పక్కనుంచి దాటినప్పుడల్లా కేరవాన్ తోక ఆడించినట్టు అటూ ఇటూ ఊగింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు భుజాలు నొప్పి, స్టీరింగ్ అంత గట్టిగా పట్టుకున్నా.

ఇక విషయానికి వస్తా. ఇంజన్‌కి బలం చాలట్లేదని నాకు అర్థమైంది. ఆఫీసులో ఒకతను టర్బో పెట్టించు, టార్క్ (తిప్పే బలం) బాగా వస్తుంది అన్నాడు. ఒక పెర్ఫార్మెన్స్ షాపుకి ఫోన్ చేస్తే వాళ్ళు సూపర్‌చార్జర్ అయితే లాగడానికి మేలు, కింది ఆర్పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే పట్టు ఉంటుంది, ట్యూనింగ్‌తో కలిపి 12 వేల డాలర్ల దాకా అవుతుంది అన్నారు. బండి విలువే అంత ఉండదేమో అని తెలుసు, అయినా కొత్త బండి కొనడం కన్నా చవకే కదా. రెండిట్లో ఏది మంచిది? ఇలాంటి పని ఎవరైనా చేయించారా?

సిడ్నీ_సీమచింత:

రెండిట్లో ఒకటే తీసుకోమంటే లాగుడుకి సూపర్‌చార్జర్. ఎందుకో చెప్తా.

సూపర్‌చార్జర్ క్రాంక్ (ఇంజన్ తిప్పే ప్రధాన షాఫ్టు) నుంచి బెల్టుతో తిరుగుతుంది. ఇంజన్ ఎంత తిరిగితే అదీ అంత తిరుగుతుంది, కాబట్టి 1,800 ఆర్పీఎమ్ దగ్గర కాలు పెట్టినా గాలి లోపలికి నెడుతూనే ఉంటుంది. నీకు తెలియకుండానే ఇంజన్ 3.5 నుంచి 4.5 లీటర్లు అయినట్టు ఉంటుంది. టర్బో అలా కాదు, సైలెన్సర్ వైపు పోయే వేడి గాలితో తిరుగుతుంది, ఆ గాలి చాలినంత వచ్చేదాకా అది మేలుకోదు. చిన్న టర్బో పెడితే తొందరగానే మేలుకుంటుంది కానీ పైన ఊపిరాడదు, పెద్దది పెడితే పైన బాగుంటుంది, కింద నిద్ర. కొత్త కార్లలో ఇదంతా కంపెనీ వాళ్ళు సరిచేసి ఇస్తున్నారు, ఎవరూ బాధపడట్లేదు. కానీ మామూలు వి6కి బయట షాపులో టర్బో తగిలించడం అంటే పొగ బయటికి పోయే మానిఫోల్డు మార్చాలి, ఆయిల్ లైన్ లాగాలి, నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి చోటు వెతకాలి. క్లూగర్‌లో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, వెనక వైపు సిలిండర్ల ఎగ్జాస్ట్ ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) ఆనుకొని ఉంటుంది. అక్కడ ఎర్రగా కాలే ఇనుప ముద్దని పెట్టడం గురించి ఒకసారి ఊహించుకో.

నీ ఇంజన్‌కి సూపర్‌చార్జర్ కొత్త కాదు కూడా. 2007లో టొయోటా ఆస్ట్రేలియా వాళ్ళే టీఆర్‌డీ ఆరియన్ అని ఒక కారు తెచ్చారు, ఇదే 3.5 వి6, దాని మీద ఈటన్ రోటర్ల సూపర్‌చార్జర్. 241 కిలోవాట్ల బలం, 400 న్యూటన్ మీటర్ల టార్క్. మామూలు ఆరియన్ 200 కిలోవాట్లు, 336 న్యూటన్ మీటర్లు. మీ పక్కనున్న ఆల్టోనాలో తయారైన బండే అది. బ్రిటన్‌లో లోటస్ ఎవోరా ఎస్ అనే స్పోర్ట్స్ కారులో కూడా ఇదే ఇంజన్, దాని మీదా సూపర్‌చార్జరే, అదీ 400 దగ్గరే ఆగింది.

కాకపోతే ఒక మాట. ఎవోరా బరువు నీ కేరవాన్ అంత కూడా ఉండదు. ఆరియన్ వెనక ఎవరూ పాప్‌టాప్ కట్టుకొని కొండలెక్కలేదు. ఆ ఇంజన్లు పది సెకన్లు గట్టిగా తొక్కి కాలు తీసేయడానికి చేసినవి. నువ్వు పది నిమిషాలు తొక్కి పట్టుకుంటావు. లాగుడుకి సూపర్‌చార్జర్ మేలు అన్నానే కానీ నీ బండికి మేలు అనలేదు, చూసుకో.

బారా_భక్తుడు:

టర్బో మీద మనవాళ్ళకి ఎందుకింత భయమో అర్థం కాదు. నా దగ్గర ఫోర్డ్ టెరిటరీ టర్బో ఉండేది, 4 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్, 245 కిలోవాట్లు, 480 న్యూటన్ మీటర్లు. ఆ 480 రెండు వేల ఆర్పీఎమ్ దగ్గరే వచ్చేస్తుంది. దాని వెనక బోటు కట్టుకొని ఎన్నిసార్లు లేక్స్ ఎంట్రన్స్ పోయానో లెక్కలేదు, గేర్ కూడా దిగేది కాదు. సూపర్‌చార్జర్ తిప్పడానికి ఇంజన్ సొంత బలమే ఖర్చవుతుంది, టర్బో ఎలాగూ వృథాగా పోయే వేడిని వాడుకుంటుంది. పెట్రోలు తాగుడు కూడా తేడా తెలుస్తుంది. టర్బోకే నా ఓటు.

సిడ్నీ_సీమచింత:

భక్తుడు గారూ, మీ టెరిటరీకి టర్బో ఫ్యాక్టరీలో వచ్చింది. కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలిని నొక్కే నిష్పత్తి) తగ్గించి, పిస్టన్లు, రాడ్లు దానికి తగ్గట్టు వేసి, కూలింగ్ పెంచి అమ్మారు. నాని ఇంజన్ కంప్రెషన్ 10.8. దాని మీదకి ఇంకా గాలి నెడితే నాకింగ్ మొదలవుతుంది, అంటే పెట్రోలు దానంతట అదే అంటుకొని లోపల కొట్టుకుంటుంది, దాన్ని ఆపడానికి ప్లగ్గు మెరిసే టైమింగ్ వెనక్కి లాగాలి, 98 ఆక్టేన్ పెట్రోలు తప్ప పోయకూడదు. హాల్స్ గ్యాప్ అవతల చిన్న ఊళ్ళో బంకులో 91 మాత్రమే ఉంటే అక్కడే గుడారం వేసుకోవాలి.

టార్నీట్_నాని:

అయ్యో, 98 సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. షాపు వాడు కూడా చెప్పలేదు. నేనిప్పుడు 91 కొట్టిస్తున్నా.

సరే, తక్కువ బూస్టుతో, అంటే గాలి తక్కువ నెట్టేలా పెట్టిస్తే? ఎంత తక్కువైనా పర్లేదు, ఆ ఎక్కుడు 80లో ఎక్కితే చాలు.

జీలాంగ్_లెక్కలు:

నాని గారూ, ఆ ఎక్కుడు 80లో ఎక్కడానికి ఎంత బలం కావాలో ఒకసారి లెక్కేద్దాం. కాలేజీలో చదివిన మెకానికల్ ఇంజనీరింగ్ ఇప్పుడు ఇలాంటి వాటికే పనికొస్తోంది, ఉద్యోగం మాత్రం స్ప్రెడ్‌షీట్లలో.

బండి, మనుషులు, సామాను కలిపి 2,500 కేజీలు అనుకుందాం, కేరవాన్ 1,700. మొత్తం 4,200. ఎక్కుడు ఆరు శాతం అనుకుందాం, అంటే వంద మీటర్లు పోతే ఆరు మీటర్లు లేస్తాం. 80లో పోతుంటే ఆ బరువుని పైకి ఎత్తడానికే సుమారు 55 కిలోవాట్లు. టైర్ల రాపిడి, కేరవాన్ మొహానికి కొట్టే గాలి ఇంకో 33 వేసుకోండి. చక్రాల దగ్గర 88. గేర్‌బాక్స్‌లో పోయేది కలిపితే ఇంజన్ దగ్గర 105 కిలోవాట్లు కావాలి.

మీ ఇంజన్ ఇవ్వగలిగింది 201 కిలోవాట్లు. అంటే కావాల్సిన దానికి దాదాపు రెట్టింపు ఉంది. మరి ఎందుకు పడిపోయింది? ఆ 201 వచ్చేది 6,200 ఆర్పీఎమ్ దగ్గర. 80లో మూడో గేర్‌లో మీ ఇంజన్ సుమారు 3,000 తిరుగుతుంటుంది. అక్కడ నిండా తొక్కినా 95, 97 కంటే ఎక్కువ రాదు. 105 కావాలి, 96 ఉంది. అందుకే మెల్లగా జారిపోతారు. రెండో గేర్‌లోకి దిగితే 4,500 దాటుతుంది, అక్కడ బలం పుష్కలం, కానీ మీరూ అత్తగారూ భయపడి కాలు తీసేస్తున్నారు.

ఇప్పుడు సూపర్‌చార్జర్ పెట్టి 400 న్యూటన్ మీటర్లు వచ్చాయనుకుందాం, అదీ 3,000 దగ్గరే. అంటే 125 కిలోవాట్లు. మూడో గేర్‌లోనే 80లో ఎక్కేస్తారు, అరుపు ఉండదు. షాపు వాడు అబద్ధం చెప్పలేదు. కాకపోతే 12 వేల డాలర్లకి మీరు కొనేది ఒక్క గేరు.

ఆ ఒక్క గేరు ఇప్పుడే ఊరికే కావాలంటే, ఎక్కుడు మొదలవకముందే 70కి తగ్గించండి, లివర్‌తో చేత్తో రెండులోకి దించండి, అక్కడే ఉంచండి. 70లో రెండో గేర్ అంటే 4,000 ఆర్పీఎమ్. కావాల్సింది 85 కిలోవాట్ల చిల్లర, అక్కడ దొరికేది 135 పైన. సగం తొక్కుడుతో ఎక్కుతుంది. ఎడమ లేన్‌లో లారీలతో పాటు పోవడానికి నామోషీ ఏముంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పనిది. కొండ ఎక్కడానికి కావాల్సిన బలం బూస్టు ఉన్నా లేకున్నా అంతే. అంత బలం తీస్తే అంత వేడీ పుడుతుంది. 4,000లో తిరిగే ఇంజన్‌కి వాటర్ పంపు కూడా గబగబా తిరుగుతుంది, నీళ్ళు బాగా పారతాయి. అదే బలాన్ని 3,000లో బూస్టుతో తీస్తే పంపు మెల్లగా తిరుగుతుంది, పైగా రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ రేడియేటర్ ఇంకోటి అడ్డం. గేర్‌బాక్స్ మీద 337 బదులు 400 న్యూటన్ మీటర్ల బరువు. ఆ మాడిన వాసన ఏంటనుకుంటున్నారు? నా ఉద్దేశంలో అది గేర్‌బాక్స్ ఆయిల్. మూడుకీ రెండుకీ ఊగినంతసేపు టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) లాక్ కాకుండా జారుతూనే ఉంటుంది, ఆ జారుడంతా వేడే. డ్యాష్‌బోర్డు ముల్లు ఇంజన్ నీళ్ళ వేడి చూపిస్తుంది కానీ దీన్ని చూపించదు. ముందు ఆ ఆయిల్ రంగు చూపించండి.

ఆటోనగర్_అబ్బాయి:

నేను విజయవాడ నుంచి. మాకు ఇక్కడ కేరవాన్లు లేవు, లాగుడు అంటే లారీలు, ట్రాక్టర్ తొట్లు. అయినా ఇంజన్ ఇంజనే కాబట్టి నాలుగు మాటలు.

టర్బో మంచిదా చెడ్డదా అని అడిగితే ఆటోనగర్‌లో నవ్వుతారు. ఈ రోజు రోడ్డు మీద తిరిగే లారీల్లో టర్బో లేని ఇంజన్ వెతికితే దొరకదు. కానీ అవి డీజిల్. డీజిల్ ఇంజన్ లోపలికి ఉత్త గాలే పీలుస్తుంది, నొక్కాక చివర్లో డీజిల్ చిమ్ముతుంది. ముందే అంటుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు, ఎంత గాలి నెట్టినా తట్టుకుంటుంది, దాని దిమ్మ కూడా అలాగే పోస్తారు. పెట్రోలు ఇంజన్ చాలావరకు గాలీ పెట్రోలూ కలిపి నొక్కుతుంది. ఎక్కువ నొక్కితే ప్లగ్గు మెరవకముందే దానంతట అది అంటుకుంటుంది, పిస్టన్ పైకి వస్తుండగానే నెత్తి మీద సుత్తి దెబ్బ. అలా నడిపితే పిస్టన్ అంచులు కొరికేసినట్టు అవుతాయి. ఒకసారి మా షెడ్‌కి అలా నడిపిన కారు ఇంజన్ ఒకటి వచ్చింది. పిస్టన్ చేతిలో పెట్టుకొని చూస్తే ఎలుక కొరికిన బెల్లం ముక్కలా ఉంది. బయట బాగు చేసిన టర్బో అది, ఎవడు పెట్టాడో చెప్పను.

టర్బో పెట్టించుకునే మాటైతే ఇంకో జాగ్రత్త. ఘాట్ ఎక్కాక పైకి రాగానే ఇంజన్ ఆపేయకూడదు. లోపల చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతూ కణకణలాడుతుంటుంది, ఇంజన్ ఆపితే దానికి నూనె ఆగిపోతుంది, ఉన్న నూనె అక్కడే మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. మా నాన్న మారేడుమిల్లి ఘాట్ మీద నడిపిన రోజుల్లో పైన టీ కొట్టు దగ్గర లారీ ఆపి, ఇంజన్ మాత్రం ఆపకుండా టీ చెప్పేవాడు. టీ వచ్చేసరికి ఆపేవాడు.

మీ కథలో నన్ను భయపెట్టింది ఎక్కుడు కాదు నాని గారూ, ఆ ఊగుడు. ఎక్కలేకపోతే వెనకవాడు హారన్ కొడతాడు, అంతే. దిగుడులో ఊగితే తిరగబడుతుంది. మీరు ఆ బండిని ఎప్పుడైనా ధర్మకాటా ఎక్కించారా? ప్లేట్ మీద రాసింది కాదు, సామానుతో నిజంగా ఎంతుందో? మా దగ్గర లారీ వాడిని లోడు ఎంత అని అడిగితే చలానాలో ఉన్నది చెప్తాడు. కాటా ఇంకోటి చెప్తుంది.

ఇంకోటి, ఎక్కిన గేర్‌లోనే దిగాలి. ఇది మీకు తెలిసే ఉంటుంది.

డెన్వర్_బావ:

ఇక్కడ కొలరాడోలో మా దగ్గర ఇదే బండి, పేరు హైలాండర్. పైన అందరూ చెప్పినదానికి ఒక్కటి కలుపుతా, ఎత్తు. మేం ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టనెల్ దాటాలంటే 11 వేల అడుగుల పైకి పోవాలి. మామూలు ఇంజన్‌కి వెయ్యి అడుగులకి మూడు శాతం చొప్పున బలం తగ్గుతుంది. టనెల్ దగ్గరికి చేరేసరికి మూడో వంతు ఆవిరి. 3.5 వి6 కాస్తా 2.4 లాగా ఏడుస్తుంది. సూపర్‌చార్జర్ ఉన్నా పలచటి గాలినే నెడుతుంది కాబట్టి ఆ నష్టం దానికీ ఉంటుంది, దాన్ని తిప్పే బెల్టు పుల్లీ సైజు మారదు కదా. టర్బో అయితే ఇంకాస్త వేగంగా తిరిగి లోటు చాలావరకు పూడుస్తుంది. అందుకే ఇక్కడ లాగేవాళ్ళు టర్బో ట్రక్కులే కొంటారు.

మీకు పెంట్లాండ్ హిల్స్‌లో ఎత్తు లెక్కలోకే రాదు. గ్రేట్ ఆల్పైన్ రోడ్డు మీద హాథమ్ కొండ దాకా పోతే 1,850 మీటర్ల దగ్గర పద్దెనిమిది శాతం పోతుంది, అక్కడ మాత్రం తెలుస్తుంది. చలికాలం మంచులో కేరవాన్ కట్టుకొని అక్కడికి ఎవరు పోతారులెండి.

బారా_భక్తుడు:

చూశారా, డెన్వర్ బావ కూడా టర్బోనే అన్నాడు 🙂

డెన్వర్_బావ:

టర్బో ఉన్న బండి కొనమన్నా బాబూ, లేనిదానికి పెట్టించమనలేదు.

టార్నీట్_నాని:

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారని అనుకోలేదు. జీలాంగ్ గారి లెక్క మా ఆవిడకి చదివి వినిపిస్తే "12 వేలకి ఒక గేరా" అని నవ్వుతూనే ఉంది. ధర్మకాటా ఎక్కించలేదండి, నిజం చెప్పాలంటే ఆ ఆలోచనే రాలేదు. ఈ వారం పోతా.

ఇంకో డౌట్. మా పెద్దమ్మాయికి ఆగస్టులో పద్దెనిమిది నిండుతాయి, పీ ప్లేట్లు (కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు బండికి పెట్టేవి) వస్తాయి, ఈ క్లూగర్ తనే నడుపుతుంది. ఇంజన్ మారిస్తే రిజిస్ట్రేషన్ గొడవలు ఏమైనా ఉంటాయా?

పాయింట్‌కుక్_పంతులు:

అయితే చర్చ ఇక్కడితో సరి. విక్టోరియాలో ఇంజన్ బలం పెరిగేలా మార్పు చేసిన బండిని పీ ప్లేట్ వాళ్ళు నడపకూడదు, ఆ మార్పు తయారు చేసిన కంపెనీయే చేసి ఉంటే తప్ప. టర్బో అయినా సూపర్‌చార్జర్ అయినా పెట్టించిన రోజు నుంచి అమ్మాయికి ఆ బండి లేనట్టే.

మీకైనా ఊరికే కాదు. వాస్ ఇంజనీర్ (బండి మార్పులు తనిఖీ చేసే గుర్తింపు ఉన్నవాడు) చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలి. చెప్పకుండా నడిపి రేపు ఏదైనా జరిగితే వాళ్ళు చేతులు దులుపుకుంటారు. ఇంత చేసినా లాగే పరిమితి 2,000 దగ్గరే ఉంటుంది, ఒక్క కేజీ పెరగదు. ఆ పరిమితి ఇంజన్ బలం ఒక్కదాన్ని చూసి పెట్టింది కాదు, బ్రేకులు, బాడీ, సస్పెన్షన్, కూలింగ్ అన్నీ చూసి పెట్టింది.

నిజంగా మార్చాలనిపిస్తే బండే మార్చండి. డీజిల్ టెరిటరీ 2011 నుంచి 2016 దాకా వచ్చింది, 440 న్యూటన్ మీటర్లు, 2,700 కేజీలు లాగుతుంది. డీజిల్ కియా కార్నివాల్ కూడా 440 దగ్గరే, కానీ లాగేది 2,000. మన వాళ్ళ ఇళ్ళ ముందు ఎలాగూ అదే ఉంటుంది, ఎవరినైనా ఒక వారాంతం అడిగి చూడండి.

టార్నీట్_నాని:

ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోకండి. ఈ ఐదు వారాల్లో చాలా జరిగింది.

మొదట ధర్మకాటా. ఈస్టర్‌కి ఎలా సర్దామో అచ్చం అలాగే సర్దుకొని పోయా, నీళ్ళ ట్యాంకు నిండా పోసి మరీ. కేరవాన్ విప్పి దాన్నొక్కదాన్నే తూచమన్నా. అక్కడి పెద్దాయన చీటీ చింపి చేతిలో పెడుతూ ఏమీ మాట్లాడలేదు, కనుబొమలు మాత్రం పైకెత్తాడు. 1,890. ఏటీఎమ్ 1,720 అని ప్లేట్ మీద ఉంటే నేను 170 కేజీలు ఎక్కువ వేసుకొని తిరిగాను! క్లూగర్ 2,000 లాగుతుంది కదా అని నేను వేసుకున్న ధీమా అంతా తప్పే, కేరవాన్ సొంత పరిమితి వేరు, దాని ఇరుసుకీ టైర్లకీ అది తెలుసు, నాకే తెలీదు.

టో బాల్ (బండి వెనక కేరవాన్ తగిలించే గుండు) మీద పడే బరువు కొలిచే చిన్న త్రాసు ఒకటి కొని చూశా. 92 కేజీలు. మొత్తం బరువులో పదో వంతు దరిదాపుల్లో ఉండాలట, నాది ఐదు శాతం కూడా లేదు. అంటే వెనక బరువు, ముందు తేలిక. అందుకే తోక ఆడింది.

ఇంటికి తెచ్చి ముందు వాకిట్లో అన్నీ కిందికి దింపా. నీళ్ళు 80 లీటర్లు, అవే 80 కేజీలు. వెనక బంపర్ మీద మూడు సైకిళ్ళు, వాటి స్టాండు. ఇరవై కేజీల సోనా మసూరి బస్తా విప్పనిది, నాలుగు రోజుల ట్రిప్పుకి. అత్తగారు ఇడ్లీ పిండికని పెట్టించిన రాయి గ్రైండరు. దాన్ని నేనే ఎత్తి వెనక మంచం కింద పెట్టా, మర్చిపోయా. ఇవన్నీ మనవే, సర్లే. ఆ మంచం కింద పెట్టె ఇంకా లోపలికి చెయ్యి పెడితే గరుగ్గా ఏదో తగిలింది. లాగి చూస్తే సిమెంటు పలకలు, పెరట్లో పరిచేవి, ఆరు. పాత ఓనరు కేరవాన్ కాళ్ళ కింద పెట్టుకోవడానికి దాచుకున్నాడు కాబోలు, ఒక్కోటి ఏడు కేజీలు. ఇన్నాళ్ళూ ఆయన వాకిలిని కూడా మోసుకొని కొండ ఎక్కుతున్నా అన్నమాట.

పలకలు పెరట్లో కుళాయి కింద వేశా. నీళ్ళు అక్కడికి పోయాక పట్టుకుంటున్నాం. రెండు సైకిళ్ళు ఇంట్లోనే. బరువైనవన్నీ ఇరుసు మీదకి, కొంచెం ముందుకి జరిపా. మళ్ళీ కాటా ఎక్కిస్తే 1,660, బాల్ మీద 165.

గేర్‌బాక్స్ ఆయిల్ జీలాంగ్ గారు చెప్పినట్టే ఉంది. మెకానిక్ తెల్ల గుడ్డ మీద చుక్క వేసి చూపించాడు, ఎర్రగా ఉండాల్సింది చిక్కటి కాఫీ డికాషన్‌లా ఉంది, వాసన కూడా అదే, బల్లాన్ దగ్గర వచ్చిన వాసన. ఆయిల్ మార్పించి, విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించా. మొత్తం కలిపి వెయ్యి డాలర్లు కాలేదు. ఆ వేడి చూపించే చిన్న మీటరు కూడా ఒకటి కొని తగిలించా, ఇప్పుడు రోడ్డు కన్నా దాన్నే ఎక్కువ చూస్తున్నానని మా ఆవిడ తిడుతోంది.

జూన్ లాంగ్ వీకెండ్‌కి మళ్ళీ అదే దారి. ఎక్కుడు కింద 70కి తగ్గించి, రెండులోకి దించి అలాగే ఉంచా. నాలుగు వేల దగ్గర ఒకటే స్వరం, ఎక్కడా ఊగిసలాట లేదు. మొదటి నిమిషం గుండె దడదడలాడింది, తర్వాత అలవాటైపోయింది. కాలు సగం కూడా నొక్కలేదు. లారీలు దాటినప్పుడు గాలి తోపు తెలిసింది కానీ తోక ఆడలేదు. షాపు వాడికి ఫోన్ చేసి వద్దని చెప్పేశా, "ఎప్పుడైనా మనసు మారితే చెప్పండి" అన్నాడు మర్యాదగా.

బారా_భక్తుడు:

బాగుంది. అయినా టర్బో పెట్టుంటే మూడులోనే ఎక్కేవాడివి.

జీలాంగ్_లెక్కలు:

230 కేజీలు దింపారంటే ఆ ఎక్కుడులో 80 దగ్గర మూడు కిలోవాట్ల పైన మిగిలినట్టు. సిమెంటు పలకలకే అర కిలోవాటు పోయేది.

ఆటోనగర్_అబ్బాయి:

సంతోషం నాని గారూ. ఇంతకీ తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు ఏ గేర్‌లో దిగారు?

టార్నీట్_నాని:

రెండులోనే, అన్నా. బ్రేక్ నాలుగైదు సార్లు తాకించానంతే. అత్తగారు ఈసారి ఏమీ అడగలేదు, నిద్రపోయారు. గ్రైండరు ఎందుకు తేలేదని మాత్రం రెండు రోజులూ అడుగుతూనే ఉన్నారు.